ఒకరి ఉద్యోగం గాజువాకలో, ఇంకొకరిది ద్వారకానగర్‌లో: పిల్లలతో విశాఖలో ఇల్లెక్కడ తీసుకోవాలి?

మీ ప్రశ్న చదువుతుంటే ఏడేళ్ళ కిందటి మా ఇల్లే కళ్ళ ముందు కనిపించింది. మీవారి ఉద్యోగం గాజువాక దగ్గర, మీది ద్వారకానగర్‌లో, పాపకి ఆరేళ్ళు, బాబుకి మూడేళ్ళు, ఇంట్లో పెద్దవాళ్ళు తోడుండరు, జూన్‌లోగా విశాఖ రావాలి. ఇల్లు ముందు చూడాలా, బడి ముందు చూడాలా, ఇద్దరం ఉద్యోగాలు చేసుకుంటూ పిల్లల్ని చూసుకోగలమా అని అడిగారు. మాదీ దాదాపు ఇదే పరిస్థితి. మావారు స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టుల మీద పనిచేస్తారు. నా ఆఫీసు డాబాగార్డెన్స్ దగ్గర. పాప ఇప్పుడు ఎనిమిది, బాబు నాలుగు చదువుతున్నారు.

బడి ముందు చూడండి. పాప నడిచి వెళ్ళి రాగలిగినంత దగ్గర్లో ఇల్లు వెతకండి. మీ ఇంట్లో రోజూ ఎవరో ఒకరు దూరం తిరగక తప్పదు. ఆ దూరం మీ ఇద్దరిలో ఎవరైనా మోయండి, పిల్లల మీద మాత్రం వేయకండి.

మేం సరిగ్గా దీనికి వ్యతిరేకంగా చేశాం. మావారి షిఫ్టులకి సుఖంగా ఉంటుందని కూర్మన్నపాలెం వైపు ఇల్లు తీసుకున్నాం. బడి మాత్రం అందరూ గొప్పగా చెప్పుకునేది, ఊరికి ఆ చివర ఉన్నది ఎంచుకున్నాం. బస్సు ఇంటి దగ్గరికే వస్తుంది కదా, ఇంకేం కావాలి అనుకున్నాం. ఆ బస్సు పొద్దున్న ఆరూనలభైకి వచ్చేది. పాపని ఐదున్నరకే లేపాలి. ఆ వేళకి దానికి ఏమీ తినబుద్ధయ్యేది కాదు, పాలు తాగి వెళ్ళిపోయేది. సాయంత్రం ఐదుంపావుకి బస్సు దిగేసరికి జడలు ఊడిపోయి, కళ్ళు మూతలు పడుతూ ఉండేవి. ఒకటో తరగతి పిల్ల రోజూ మూడు గంటలు బస్సులోనే గడిపేది. బాబుని చూసుకోలేక అనకాపల్లిలో మా అమ్మ దగ్గర వదిలాం. ఆదివారం వెళ్ళి చూసొచ్చేవాళ్ళం. వాడు కొన్నాళ్ళకి నన్ను చూసి అమ్మమ్మ చీర వెనక దాక్కోవడం మొదలుపెట్టాడు. ఆ సంగతి ఇప్పుడు రాస్తున్నా గొంతులో ఏదో అడ్డుపడుతోంది.

ఒక అక్టోబరు రోజు వాయుగుండం పట్టి పొద్దున్నుంచి ఒకటే వాన. పదకొండు గంటలకి బడి వదిలేసి, తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టి, పిల్లల్ని బస్సులెక్కించేశారు. నేను ఆడిట్‌లో ఉన్నాను, ఫోను బ్యాగులో ఉంది. మావారిది పొద్దున మొదలయ్యే 'ఎ' షిఫ్టు, మధ్యాహ్నం రెండు దాకా బయటికి రాలేరు. బస్సు పాపని మా సందు మొగలో దింపి వెళ్ళిపోయింది. ఇంటికి తాళం.

ఆ మొగలో ఒకావిడ టిఫిన్ బండి పెట్టుకునేది. అందరం అప్పా (ఇక్కడ అక్కని అలాగే అంటారు) అని పిలిచేవాళ్ళం. ఆవిడే పాపని టార్పాలిన్ కిందికి లాక్కుని, తల తుడిచి, బ్యాగులోంచి డైరీ తీసి మొదటి పేజీలో నా నంబరు చూసి ఫోను చేసింది. నేను ఫోను తీసి చూసేసరికి తొమ్మిది మిస్డ్ కాల్స్ ఉన్నాయి. తిరిగి చేస్తే, "బెంగెట్టుకోకమ్మా, పాప నా కాడే ఉంది, పునుగులు తింటంది" అంది. దారిలో ఎన్.ఏ.డి. కూడలి దగ్గర ట్రాఫిక్ ఆగిపోయి నేను అక్కడికి చేరడానికి గంటన్నర పట్టింది. ఆ గంటన్నరా నా మనసులో ఒకటే ఆలోచన. రెండేళ్ళుగా ఆ వీధిలో ఉంటున్నాం, ఇలాంటప్పుడు ఫోను చేసి "మా పాపని చూడండి" అని అడగడానికి నాకు ఒక్క ఇల్లూ తెలియదు. ఆవిడ నంబరు కూడా నా దగ్గర లేదు.

ఆ తర్వాత వచ్చిన మే నెలలో ఎం.వి.పి. కాలనీకి మారిపోయాం. పాత అపార్ట్‌మెంట్, రెండంతస్తులు, లిఫ్టు లేదు. బడి నడిస్తే పది నిమిషాలు. పేరున్న బడి కాదు. పెద్ద ఆట స్థలం ఉంది, ఒకటో తరగతి టీచరు పదేళ్ళుగా అక్కడే పనిచేస్తోంది. మాకు అవి చాలనిపించాయి. అద్దె పెరిగింది, నిజమే. కానీ బస్సు ఫీజు పోయింది, బడి ఫీజు తగ్గింది. కూడికలు తీసివేతలు చేసి చూస్తే నెలకి పెద్ద తేడా రాలేదు. మీరూ అద్దె ఒక్కటే చూడకుండా అద్దె, బడి ఫీజు, బస్సు ఫీజు మూడూ కలిపి చూసుకోండి.

దూరం మావారి మీద పడింది. పొద్దున షిఫ్టుంటే నాలుగున్నరకి బయల్దేరాలి. మద్దిలపాలెం నుంచి గాజువాక, కూర్మన్నపాలెం వైపు బస్సులకి కొదవ లేదు, అయినా రోజూ అంత దూరం అంటే కష్టమే. మొదట్లో నాకే బాధగా ఉండేది. ఒకరోజు అడిగితే, "నేను బస్సులో నిద్రపోతే ఏం కాదు, అది నిద్రపోకూడదు" అన్నారు. ఆయన ఆ మాట అన్నాక ఇంకెప్పుడూ ఇల్లు మారే ప్రస్తావన మా మధ్య రాలేదు. మీవారితో కూడా ఈ విషయం ముందే మనసు విప్పి మాట్లాడుకోండి. ఆయనకి ఇష్టం లేకపోతే గాజువాకలోనే మంచి బడులున్నాయి, అక్కడే ఇల్లు తీసుకుని మీరు ద్వారకానగర్ తిరగండి. ఎవరు తిరిగినా ఫరవాలేదు. రెండు ఆఫీసులకీ మధ్యలో ఉంటుందని మురళీనగర్ వైపు ఇల్లు తీసుకుని, బడి ఇంకెక్కడో పెట్టారనుకోండి, ముగ్గురూ తిరగాల్సి వస్తుంది.

బడి చూడటానికి అడ్మిషన్ల గదికి వెళ్ళకండి, వదిలే వేళకి గేటు దగ్గరికి వెళ్ళండి. అరగంట నిలబడితే చాలా తెలుస్తుంది. ఒక్కో ఆటోలో ఎంతమందిని కూరుతున్నారు, చిన్నపిల్లల్ని ఎవరికి అప్పగిస్తున్నారో చూసి మరీ పంపుతున్నారా, పిల్లలు బయటికి వస్తూ కబుర్లు చెప్పుకుంటున్నారా, వాడిపోయి వస్తున్నారా. మన ఊళ్ళో అపార్ట్‌మెంట్ లాంటి భవనాల్లో నడిచే బడులు చాలా ఉన్నాయి. ఆట స్థలం అని మేడ మీద ఓ మూల చూపిస్తారు. ఆరేళ్ళ పిల్లకి రోజూ కాసేపు మట్టిలో పరిగెత్తే చోటు ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. ఆ తరువాతే సిలబస్ సంగతి. వాన రోజుల్లో, తుపాను సెలవులప్పుడు పిల్లల్ని ఎలా పంపుతారో కూడా తప్పకుండా అడగండి. విశాఖలో అక్టోబరు, నవంబరు నెలల్లో ఈ అవసరం వస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఇక్కడున్నవాళ్ళని ఎవరినైనా అడగండి, రోజుల తరబడి కరెంటు లేక, మోటార్లు ఆడక, పక్కింటి నీళ్ళతో ఎలా గడిపామో చెబుతారు.

ఇక ఇంట్లో పెద్దవాళ్ళు లేరన్నారు కదా. దీని గురించే కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మా ఇల్లు నడుస్తున్నది దీని మీదే.

కొత్త ఇంట్లో దిగిన వారానికి కింది వాటాలో ఉన్న మామ్మగారు పాపని మెట్ల మీద చూసి పలకరించారు. ఆవిడ, ఆయన ఇద్దరే ఉంటారు, పిల్లలు దూరంగా ఉన్నారు. బడి నాలుగింటికి వదులుతారు, నేను ఇల్లు చేరేది ఆరింటికి. ఆ రెండు గంటలకీ ఒక మనిషిని పెట్టుకుందామని వెతుకుతున్నాను. మామ్మగారికి ఆ మాట తెలిసి, మా ఇంట్లో కూర్చుంటుందిలే అన్నారు. నేను నెలకి ఇంత అని ఇవ్వబోతే మొహం చిన్నబుచ్చుకున్నారు. "డబ్బులేటమ్మా, ఆ పిల్లొస్తే నాకు పొద్దు పోద్ది" అన్నారు.

డబ్బు తీసుకోలేదు కదా అని ఊరుకోకూడదు. నేను ఆదివారం రైతుబజారుకి వెళ్తే రెండు సంచులు తీసుకెళ్తాను, వాళ్ళదొకటి, మాదొకటి. కరెంటు బిల్లు, గ్యాస్ బుకింగ్ నా ఫోనులోనే చేస్తాను. తాతగారి కంటి ఆపరేషన్‌కి మావారు సెలవు పెట్టి వెంట వెళ్ళారు. సాయంత్రం పాపకి పెట్టే పళ్ళు, బిస్కట్లు నేనే వాళ్ళింట్లో ఉంచుతాను, ఆవిడ ఖర్చు పెట్టకూడదని. అన్నిటికంటే ముఖ్యం, చెప్పిన వేళకి వచ్చేస్తాను. ఆరు అంటే ఆరు. ఆలస్యమైతే ఐదున్నరకే ఫోను చేస్తాను. ఆవిడకి ఒంట్లో బాగాలేని రోజు మొహమాటంతో చెప్పలేకపోతారు, అందుకని పొద్దున్నే నేనే వెళ్ళి ఎలా ఉందో చూసొస్తాను. నలతగా కనిపిస్తే ఆ రోజు ఎదురింటి అమ్మాయిని అడుగుతాను. ఒక్క ఇంటి మీదే భారం వేయకుండా రెండు మూడు ఇళ్ళతో రాకపోకలు పెట్టుకోవడం మంచిది.

ఏడాది తిరక్కుండానే బాబుని అనకాపల్లి నుంచి తెచ్చేసుకున్నాం. వాడికి ఇప్పుడు మామ్మగారి ఇల్లు, మా ఇల్లు అని తేడా లేదు. ఎదురు వాటాలో నేవీ వాళ్ళు ఉండేవారు, రెండేళ్ళకి బదిలీ అయి వెళ్ళారు. వాళ్ళబ్బాయితో మెట్ల మీద ఆడుకుంటూనే వీడికి హిందీ వచ్చేసింది.

మా వీధి అంతా ఒక్కటయ్యే రోజు సింహాచలం గిరిప్రదక్షిణ. ఆషాఢ పౌర్ణమి ముందు రోజు మధ్యాహ్నం నుంచి రాత్రంతా, లక్షల మంది కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడుస్తారు. ఆ దారి అప్పూఘర్ నుంచి ఎం.వి.పి. డబుల్ రోడ్డు మీదుగానే. మా అపార్ట్‌మెంట్ వాళ్ళందరం చందాలేసుకుని మజ్జిగ, నీళ్ళు పంచుతాం. గ్లాసులు అందించేది పిల్లలే. కాళ్ళు బొబ్బలెక్కి నడిచేవాళ్ళకి మా పాప "అమ్మా, కాసేపు కూర్చోండి" అని కుర్చీ వేయడం చూశాను. ఇల్లు మారిన తొలి ఏడాది మాకు పరిచయాలు కుదిరింది కూడా ఆ రాత్రే. మీరు జూన్‌లో వస్తే, కొద్ది వారాల్లోనే ఈ రోజు వస్తుంది. మొహమాటపడకుండా వెళ్ళి నిలబడండి.

ముందే లెక్క వేసుకోవాల్సింది ఒంటిపూట బడుల సంగతి. మార్చి మధ్య నుంచి ఏడుంముప్పావుకి మొదలై పన్నెండున్నరకే వదిలేస్తారు, ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ 11 దాకా సెలవులు. ఉద్యోగం చేసే తల్లికి ఏడాదిలో ఇదే గట్టి పరీక్ష. నేను సెలవులన్నీ ఈ రోజులకే దాచుకుంటాను, మావారు ఆ నెలల్లో వీలైనన్ని రాత్రి షిఫ్టులు అడిగి తీసుకుంటారు.

ఇల్లు చూసేటప్పుడు సముద్రం కనిపిస్తుందని మోజు పడకండి. బీచ్ రోడ్డుకి మరీ దగ్గరైతే ఉప్పు గాలికి కిటికీ గ్రిల్లులు, ఏసీలు, పిల్లల సైకిళ్ళు ఇట్టే తుప్పు పట్టేస్తాయి. నాలుగైదు వీధులు లోపలికుంటే గాలి వస్తుంది, తుప్పు తగ్గుతుంది. పై అంతస్తు అయితే వేసవిలో స్లాబు వేడికి పిల్లలకి రాత్రి నిద్ర పట్టదు. టు-లెట్ బోర్డులు వీధుల్లో తిరిగితేనే ఎక్కువ కనిపిస్తాయి.

ఆదివారం పొద్దున్నే ఆర్.కె. బీచ్‌కి వెళ్ళండి, ఆ వేళ రోడ్డు మీద బళ్ళు ఆపేస్తారు, పిల్లలు నడిరోడ్డు మీద సైకిలు తొక్కుకోవచ్చు. నీళ్ళలోకి మాత్రం దించకండి. ఇక్కడ అలలు చూడటానికి మామూలుగానే ఉండి లోపలికి లాగేస్తాయి. పాదాలు తడిస్తే చాలు, అదీ చెయ్యి పట్టుకునే. కురుసుర సబ్‌మెరైన్, జూ రెండూ సోమవారం మూసి ఉంటాయి, సెలవు పెట్టుకుని వెళ్ళేముందు గుర్తుంచుకోండి. మీ ఆఫీసు ద్వారకానగరే కాబట్టి అక్కడి పౌర గ్రంథాలయం మీకు దగ్గర. మా పాప తెలుగు గడగడా చదవడం నేర్చుకున్నది అక్కడి నుంచి తెచ్చిన పుస్తకాలతోనే.

బడులు ఇంకా నడుస్తుండగానే, ఏప్రిల్ 20లోపు ఒక పనిరోజున మీ ఇద్దరూ వచ్చి గేట్ల దగ్గర నిలబడి చూడండి. ఇల్లు కుదిరి, పాప బడిలో చేరాక, డైరీ మొదటి పేజీలో అమ్మ నంబరు, నాన్న నంబరు రాయమంటారు. వాటి కింద కాస్త చోటు వదలండి. ఇరుగుపొరుగులో ఒకరి నంబరు, వాళ్ళని అడిగి, అక్కడ రాయండి. మా పాప డైరీలో ఏడేళ్ళుగా ఆ చోట మామ్మగారి నంబరే ఉంటుంది.