ఆస్తి పాత ధరకు, అప్పు నిండు ధరకు... ఇదేం లెక్క?

ప్రశ్న: మా కుటుంబ ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలో నాకు 12 శాతం వాటా ఉంది. మిగతా 88 శాతం మా పెదనాన్న కొడుకులది. నా వాటా తామే కొంటామంటూ, వాల్యుయర్ రిపోర్టు జతచేసి ఉత్తరం పంపారు. ఫ్యాక్టరీ స్థలాన్ని అందులో 1996లో కొన్న ధరకే చూపించారు. డైరెక్టర్లు కంపెనీకి ఇచ్చిన కోటి రూపాయల అప్పునూ, కంపెనీ మీద కోర్టులో నడుస్తున్న 2 కోట్ల దావానూ మాత్రం కంపెనీ విలువలోంచి పూర్తిగా తీసేశారు. అడిగితే 'ఫెయిర్ వాల్యూ అంటే ఇంతే' అంటున్నారు. సంతకం పెట్టాలా?

జవాబు: ఇప్పుడే పెట్టకండి. అలాగని 'ధర చాలదు' అని ఒక్క ముక్క రాసి పంపినా పని జరగదు. ఆ అంకె ఎలా వచ్చిందో చెప్పమని అడగాలి.

ముందు, అమ్మి తీరాల్సిన అవసరం మీకు ఉందా అనేది చూద్దాం. కంపెనీల చట్టం 2013లోని 236వ సెక్షన్ మైనారిటీ వాటాల కొనుగోలు గురించి చెబుతుంది గానీ, అది 90 శాతం లేదా అంతకు మించి చేతిలో ఉన్నవాళ్లకే. వాళ్లది 88. కాబట్టి ఆ దారి వాళ్లకు లేదు. అయితే కంపెనీ ఆర్టికల్స్, అంటే దాని అంతర్గత నియమావళి, ఒకసారి తీసి చదవండి. వాటాల ధరను ఎవరు, ఎలా నిర్ణయించాలో చాలా ప్రైవేట్ కంపెనీల ఆర్టికల్స్‌లోనే రాసి ఉంటుంది. ఆర్టికల్స్ 10వ సెక్షన్ ప్రకారం సభ్యులందరినీ కట్టిపడేస్తాయి. అందులో అలాంటి షరతు ఉంటే మన వాదన అక్కణ్నుంచే మొదలుపెట్టాలి. లేకపోతే ఇది మామూలు బేరం. మీకు నచ్చితేనే అమ్ముతారు.

ఇక ఫెయిర్ వాల్యూ సంగతి. ఇండ్ ఏఎస్ 113 అనే అకౌంటింగ్ ప్రమాణం దీన్ని స్పష్టంగానే నిర్వచించింది. లెక్కగట్టే తేదీన, తొందరా బలవంతమూ లేని మామూలు లావాదేవీలో, మార్కెట్లో ఉన్నవాళ్ల మధ్య ఆస్తి అమ్మితే వచ్చే ధర, లేదా అప్పును వేరొకరికి బదిలీ చేస్తే చెల్లించాల్సిన ధర. ఎప్పుడో కొన్న ధరకు ఇందులో చోటు లేదు. మీ కంపెనీ చిన్నదైతే ఆ ప్రమాణం దాని పద్దులకు వర్తించకపోవచ్చు. లిస్ట్ కాని కంపెనీల్లో సాధారణంగా 250 కోట్ల నికర విలువ దాటినవాటికే అది తప్పనిసరి. అందుకే బ్యాలెన్స్ షీట్‌లో 1996 నాటి ధర ఉండటం తప్పేమీ కాదు. ఆ అంకెనే ఎత్తుకొచ్చి ఫెయిర్ వాల్యూ అని పేరు పెట్టడమే తప్పు.

స్థలం విషయంలో ఇంకో మాట. దాన్ని ఎలా వాడితే ఎక్కువ విలువ వస్తుందో ఆ వాడకాన్ని బట్టి ధర కట్టాలి. ఆ వాడకం భౌతికంగా సాధ్యమై, చట్టం ఒప్పుకునేదై, ఖర్చుకు తగ్గ రాబడి ఇచ్చేదై ఉండాలి. చుట్టూ ఇళ్లు లేచాయి కదా అని నివాస స్థలం రేటు అడిగితే సరిపోదు, మాస్టర్ ప్లాన్‌లో ఆ అనుమతి ఉండాలి. పైగా ఖాళీ స్థలం ధరా కావాలి, నడుస్తున్న ఫ్యాక్టరీ వ్యాపారం విలువా కావాలి అంటే కుదరదు. ఫ్యాక్టరీ ఉంటేనే వ్యాపారం, తీసేస్తేనే ఖాళీ స్థలం. మీలా వాటా అమ్మేవాళ్లు సాధారణంగా దొరికిపోయేది ఇక్కడే. అవతలివాళ్ల వైపు నుంచి జరిగే తప్పు వేరు: స్థలం బ్యాంకులో తాకట్టు ఉందని ధర తగ్గిస్తారు, మళ్లీ ఆ బ్యాంకు అప్పును విడిగా తీసేస్తారు. మీ రిపోర్టులో ఆ పని జరిగిందేమో చూడండి.

నా లెక్కన మీ కేసులో అసలు డబ్బంతా అప్పుల వైపే ఉంది. ఆస్తి ధర మీద గొంతు చించుకునేవాళ్లు అప్పుల పేజీని తిప్పి కూడా చూడరు. డైరెక్టర్ల అప్పు తీసుకోండి. అది అడిగిన రోజే చెల్లించాల్సినదైతే, కోటి కోటిగానే లెక్క. వడ్డీ లేకుండా ఐదేళ్ల తర్వాత చెల్లించేలా రాసుకున్నదైతే కథ మారుతుంది. ఏటా 10 శాతం చొప్పున వెనక్కి లెక్కేస్తే ఈ రోజు దాని విలువ దాదాపు 62 లక్షలే. ఆ రేటు ఎంత ఉండాలన్న దాని మీద వాదన నడుస్తుంది, నడవనివ్వండి. కానీ నిండు కోటి ఎందుకు తీశారో వాళ్లు చెప్పాలి. ఆ అప్పు పత్రం కాపీ అడగండి. పత్రమే లేదంటే మాత్రం వాళ్ల వాదనకే బలం, అడిగితే ఇవ్వాల్సిన అప్పనే అంటారు.

2 కోట్ల దావా ఇంకా ఆసక్తికరం. గత మూడు నాలుగేళ్ల బ్యాలెన్స్ షీట్లు తెచ్చుకుని వెనక ఉండే నోట్స్ చదవండి. 'ఈ దావాలో ఓడిపోయే అవకాశం తక్కువ, అందుకే కేటాయింపు చేయలేదు' అనే అర్థం వచ్చేలా కంటింజెంట్ లయబిలిటీగా (కట్టాల్సి వస్తుందో రాదో తేలని బాకీగా) చూపించారా? అలా చూపించి ఉంటే, ఆడిటర్ ముందు తక్కువైన అవకాశం మీ వాటా కొనేటప్పుడు నూటికి నూరుపాళ్లు ఎలా అయిందో సమాధానం చెప్పుకోవాల్సింది వాళ్లే. ఓడే అవకాశం నాలుగో వంతు అనుకుంటే సగటున 50 లక్షలు. ఆ రిస్కు మోయడానికి పైన కొంత. అంతే గానీ 2 కోట్లు కాదు. ఈ బ్యాలెన్స్ షీట్లు సభ్యుడిగా మీకు రావాల్సినవే. ఇవ్వకపోతే కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో ఫీజు కట్టి చూసుకోవచ్చు.

రిపోర్టు రాసిన వ్యక్తి రిజిస్టర్డ్ వాల్యుయరేనా అన్నది వాల్యుయర్లను రిజిస్టర్ చేసే సంస్థ అయిన ఐబీబీఐ వెబ్‌సైట్‌లో తెలుస్తుంది. ఏ విభాగంలో రిజిస్టర్ అయ్యారో కూడా చూడండి. భూమి–భవనాలకు, యంత్రాలకు, షేర్లు–ఆర్థిక ఆస్తులకు వేర్వేరు రిజిస్ట్రేషన్లు ఉంటాయి. రిజిస్టర్డ్ వాల్యుయర్ల 2017 నిబంధనల ప్రకారం రిపోర్టులో వాల్యుయేషన్ ఎందుకు చేశారు, ఏ తేదీ నాటికి, ఏ సమాచారం ఆధారంగా, ఏ పద్ధతిలో అన్నవన్నీ ఉండాలి. ఎందుకు చేశారన్న దగ్గర ఆగి చదవండి. బ్యాంకు లోను కోసం తయారైన రిపోర్టును మీకు అంటగట్టడం కొత్తేమీ కాదు.

కోర్టుకు వెళ్తే ఏమవుతుందంటారా? 12 శాతం ఉంది కాబట్టి, అణచివేత జరిగిందని చూపగలిగితే 241వ సెక్షన్ కింద కంపెనీ వివాదాలు విచారించే ట్రిబ్యునల్ అయిన ఎన్‌సీఎల్‌టీకి వెళ్లే అర్హత మీకుంది. మీ వాటాను మిగతావాళ్లు కొనాలని ఆదేశించే అధికారం కూడా ట్రిబ్యునల్‌కు ఉంది. తక్కువ ధర చెప్పడం ఒక్కటే అణచివేత అయిపోదు. పైగా నిపుణుడు సరైన పద్ధతిలో కట్టిన విలువను కాదని తమ సొంత అంకె పెట్టడానికి కోర్టులు ఇష్టపడవు. కంపెనీల విలీనం కేసుల్లో, 1994లో హిందుస్థాన్ లీవర్, 1996లో మఫత్‌లాల్ తీర్పుల్లో సుప్రీంకోర్టు చెప్పింది అదే. కాబట్టి అంకెతో కాదు, లెక్క కట్టిన తీరుతో కొట్లాడాలి. మైనారిటీ వాటా గనక ఇంత శాతం కోత అని వాళ్లు అడగొచ్చు. బయటికి పొమ్మంటున్నది వాళ్లే అయినప్పుడు ఆ కోత న్యాయం కాదని మనం వాదిస్తాం. ఫలితం ఆధారాలను బట్టి ఉంటుంది.

ఆదాయపు పన్ను లెక్క మళ్లీ వేరు, అక్కడ స్థలానికి స్టాంపు డ్యూటీ విలువ చూస్తారు. మరీ తక్కువ ధరకు వాటా చేతులు మారితే మీకూ వాళ్లకూ పన్ను తగులుతుంది. బేరంలో ఈ మాట ఒకసారి వాళ్ల చెవిన వేయండి.

ఈ వారంలోనే స్పీడ్ పోస్టులో జవాబు పంపండి. పూర్తి రిపోర్టు, డైరెక్టర్ల అప్పు పత్రం, దావా మీద కంపెనీ లాయర్ ఇచ్చిన అభిప్రాయం, స్థలానికి పాత ధర వాడిన కారణం అడగండి. మీ తరఫున వేరే వాల్యుయర్‌తో లెక్క కట్టించుకునేదాకా ఆ ధరకు ఒప్పుకోవడం లేదని చివరి వాక్యంగా రాయండి.