వేలు ఎక్కడ పెడతావు, బుజ్జీ?

అంబాజీపేట

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మడికి పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. అల్లుడుగారూ, నువ్వూ, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మొన్న నువ్వు ఫోను చేసి మీ బుజ్జి నవోదయ బడి ప్రవేశ పరీక్షకి చదువుతున్న సంగతి చెప్పిన దగ్గర్నుంచి నా మనసంతా దాని మీదే ఉంది. ఫోనులో చెప్పినవి రెండు రోజులకి మర్చిపోతాం. కాగితం మీద ఉంటే మళ్ళీ మళ్ళీ తీసి చూసుకుంటావని కూర్చుని రాస్తున్నాను.

నువ్వేమన్నావు? "లెక్కలు బాగానే చేస్తోంది పెద్దమ్మా, బొమ్మల బిట్లూ పట్టేసింది. తెలుగే కదా, దానికేముందిలే అనుకున్నాను. తీరా చూస్తే ఆ ప్యాసేజీల్లోనే మార్కులు పోతున్నాయి. గడగడా చదివేస్తుంది, బిట్ల దగ్గరికొచ్చేసరికి తప్పులు పెడుతుంది" అన్నావు. 34 ఏళ్ళ ఉద్యోగంలో ఈ మాట ఎంతమంది తల్లుల నోట విన్నానో లెక్కలేదు. ఆ "గడగడా" దగ్గరే మనం మోసపోతాం తల్లీ. నోరు అక్షరాల వెంట పరుగెడుతుంటే పిల్లకి అంతా వచ్చేసిందనుకుంటాం. చదివింది లోపలికి దిగిందా లేదా అన్నది నోటిని బట్టి తెలియదు.

ముందు పరీక్ష సంగతి ఒకసారి చూసుకుందాం. నవోదయ ఆరో తరగతి పరీక్ష రెండు గంటలు, 80 బిట్లు, 100 మార్కులు. మెంటల్ ఎబిలిటీకి, అంటే నువ్వన్న ఆ బొమ్మలకి, 40 బిట్లు, 50 మార్కులు. లెక్కలకి 20 బిట్లు, 25 మార్కులు. భాషకీ అంతే, 20 బిట్లు, 25 మార్కులు. ఆ 20 బిట్లూ నాలుగు ప్యాసేజీల కిందే ఉంటాయి, ఒక్కోదానికి ఐదు. బిట్టుకి ఒకటింపావు మార్కు. అంటే మొత్తంలో పావు వంతు మార్కులు, ఇచ్చింది చదివి అర్థం చేసుకున్నందుకే ఇస్తున్నారు. మన ఉమ్మడి తూర్పుగోదావరికి పెద్దాపురంలోనూ, పశ్చిమకి పెదవేగిలోనూ నవోదయలున్నాయి. ఒక్కోదాంట్లో ఆరో తరగతికి మహా అయితే 80 సీట్లు. పైగా ఆరో తరగతి పరీక్ష ఒక పిల్లకి ఒక్కసారే. వచ్చే ఏడు మళ్ళీ రాయిద్దాంలే అనడానికి వీల్లేదు. నిన్ను కంగారు పెట్టాలని చెప్పడం లేదు. ఉన్న నెలల్ని ఎక్కడ పెట్టాలో తెలియాలని చెబుతున్నాను.

నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను, నువ్వు అది చేయకు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను గోదారి మధ్య ఒక లంక ఊరి బడిలో వేశారు. అయిదుగురు పిల్లల్ని నవోదయకి కూర్చోబెట్టాను. గైడు కొని, రోజుకి పది ప్యాసేజీల చొప్పున చేయించాను. త్వరలోనే గైడు పూర్తయింది. మళ్ళీ మొదటి నుంచి చేయించాను. ఏ పేజీలో ఏ బిట్టుకి ఏ అక్షరమో పిల్లలకి కంఠతా వచ్చేసింది, నాకది చదువులాగే కనబడింది. పరీక్షలో కొత్త ప్యాసేజీలొచ్చాయి. ఒక్కళ్ళకీ సీటు రాలేదు. వాళ్ళలో చురుకైన కుర్రాడొకడు మర్నాడు నా దగ్గరికొచ్చి, "మన పుస్తకంలోవి రాలేదండి టీచరుగారూ" అన్నాడు. ఆ కుర్రాడి ముఖం ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది. వాడు చదవకపోవడం కాదు, చదవడమంటే ఏమిటో నేను వాడికి నేర్పలేదు.

ఆ తర్వాత నేను పట్టుకున్న పద్ధతి చాలా చిన్నది. రోజుకి ఒక్కటే పేరా. పిల్ల జవాబు చెప్పగానే ఒప్పని గానీ తప్పని గానీ అనను. "ఎక్కడుంది? వేలు పెట్టి చూపించు" అంటాను, అంతే. జవాబు ఒప్పయినా అడుగుతాను, తప్పయినా అడుగుతాను. ఒప్పు చెప్పినప్పుడు కూడా అడగడం ముఖ్యం, ఎందుకంటే నాలుగు జవాబుల్లో ఒకటి గుడ్డిగా తగలొచ్చు. వేలు పెట్టడానికి చోటు దొరక్కపోతే, ఆ జవాబు పేరాలోంచి రాలేదన్నమాట.

మొన్న సెలవుల్లో బుజ్జి నా దగ్గరున్నప్పుడు ఒక సాయంత్రం ఈ పేరా రాసిచ్చాను. నీక్కూడా రాస్తున్నాను, చదువు.

"గోదావరిలో వరద ఎక్కువగా ఉండడంతో మూడు రోజులుగా ఏరు దాటించే పంటు నడవలేదు. లంకలో ఉండే ఒక రైతు అరటి గెలలు కోసి, రేవులో పెట్టుకుని ఎదురుచూశాడు. నాలుగో రోజు నీరు తగ్గి పంటు వచ్చింది కాని, అప్పటికే గెలలు సగం పండిపోయాయి. వాటిని రావులపాలెం మార్కెట్టుకి తీసుకువెళ్ళకుండా ఊళ్ళోనే పంచిపెట్టాడు. 'పోయినవి కాయలే, చెట్లు కావు' అన్నాడు భార్యతో."

పంటు ఎన్ని రోజులు నడవలేదని అడిగితే టక్కున మూడు అంది. వేలు కూడా సరిగ్గా పెట్టింది. "వాటిని" అంటే వేటిని అంటే గెలల్ని అంది. అదీ బాగుంది. గెలలు మార్కెట్టుకి ఎందుకు తీసుకెళ్ళలేదని అడిగాను. "పంటు నడవలేదు కదా అమ్మమ్మా" అంది. వేలు పెట్టమన్నాను. మొదటి వాక్యం మీద పెట్టింది. నేనేమీ అనలేదు, "నాలుగో రోజు ఏమైందో పైకి చదువు" అన్నాను. చదివింది, "పంటు వచ్చింది కాని" దాకా వచ్చి ఆగిపోయింది. కాసేపు కాగితం వంక చూసి, "అమ్మమ్మా, పంటు వచ్చేసింది. పండిపోయాయని తీసుకెళ్ళలేదు" అంది. ఆ క్షణంలో దాని కళ్ళు చూస్తే నీకు తెలిసేది, పిల్లకి తెలివి తక్కువ కాదని. మొదటి వాక్యంలో దొరికిన కారణాన్నే పట్టుకుని చివరిదాకా నడిచేసింది, మధ్యలో ఆ "కాని" దగ్గర కథ మలుపు తిరిగిందని చూసుకోలేదు.

ఇంకో బిట్టు అడిగాను. ఆ వరదలో రైతు తోట ఏమైంది? "మునిగిపోయింది" అంది వెంటనే. వేలు పెట్టమంటే ఎక్కడా దొరకలేదు. "మరి వరదొస్తే తోటలు మునుగుతాయి కదా, మొన్న మనవాళ్ళది మునగలేదా" అని నన్నే అడిగింది. చూశావా, గోదారి ఒడ్డున పెరిగిన పిల్లకి గోదారి మీద పేరా ఇస్తేనే ఎక్కువ ప్రమాదం. తన కళ్ళతో చూసింది వచ్చి కాగితం మీదున్నదాన్ని కప్పేస్తుంది. రైతు చివర్లో "చెట్లు కావు" అన్నాడు, అంటే చెట్లు నిలిచాయనే. పరీక్ష పెట్టేవాళ్ళు ఇచ్చే నాలుగు జవాబుల్లో లోకంలో నిజమే అయినా పేరాలో లేనిది ఒకటి తరచు ఉంటుంది. కొబ్బరి గురించో చేపల గురించో పేరా వస్తే, "నీకు తెలిసింది పక్కన పెట్టు, దీన్లో ఏముందో అదే చెప్పు" అని నువ్వు గట్టిగా గుర్తుచేస్తుండాలి.

ఇలాంటి చిన్న మాటలు మన తెలుగులో ఇంకా ఉన్నాయి. తప్ప, మాత్రమే, కూడా, అయినా, దాకా. "సంతకి ఆయన తప్ప ఎవరూ రాలేదు" అంటే సంతకి ఎవరొచ్చారు అని అడుగు, సగంమంది పిల్లలు ఎవరూ రాలేదంటారు. "ఆయనకి కోపం రాకపోలేదు" అంటే వచ్చిందా రాలేదా అని అడుగు. ఇంకొకటి, మనం చేసేవాడి పేరు ఒకసారి చెప్పి తర్వాత వదిలేస్తాం. "తమ్ముడు అన్నకి పుస్తకం ఇచ్చి బడికి వెళ్ళాడు" అంటే వెళ్ళింది తమ్ముడు. "అన్న, తమ్ముడు పుస్తకం ఇస్తే తీసుకుని బడికి వెళ్ళాడు" అంటే వెళ్ళింది అన్న. "ఇచ్చి"కీ "ఇస్తే"కీ మధ్య మనిషే మారిపోయాడు. ఇవి వ్యాకరణం పేరుతో చెప్పకు. అన్నం తినేటప్పుడు, జడ వేసేటప్పుడు ఒక్కో వాక్యం విసిరి "వెళ్ళిందెవరు?" అని అడుగు. వారం తిరిగేసరికి అదే నిన్ను అడగడం మొదలుపెడుతుంది.

పుస్తకాల మాట, ఇంటి మాట వేరు కావడం కూడా పిల్లల్ని ఇబ్బంది పెడుతుంది. దానికి మందు పేపరే. రోజూ ఒక్క వార్త, నాలుగు అంగుళాలది చాలు. వరదల కాలంలో మన పేపర్లు ధవళేశ్వరం వార్తలతో నిండి ఉంటాయి. బుజ్జికి ఆ ఊరి పేరు కొత్త కాదు కాబట్టి మనసు పెడుతుంది. బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఇది చదివించి, "14 అడుగులుంటే ఏ హెచ్చరిక అమల్లో ఉన్నట్టు?" అని అడుగు. 14 అన్న అంకె వార్తలో ఉండదు, వేలు రెండు చోట్ల పెట్టాలి. అలా రెండు చోట్ల చూసి మధ్యలో ఉన్నది తను తేల్చుకోవడం అలవాటైతే కష్టమైన బిట్లకి దారి దొరికినట్టే. అదే వార్తలో "వరద ఉద్ధృతి తగ్గడంతో లంక గ్రామాల ప్రజలు ఊపిరి పీల్చుకున్నారు" అని ఉంటుంది. ఉద్ధృతి అంటే ఏమిటని అడిగితే అర్థం చెప్పెయ్యకు. "తగ్గింది అన్నారు, జనం సంతోషించారు, మరి తగ్గిందేమిటై ఉంటుంది?" అని అడుగు. జోరు అంటుంది, ఎక్కువ నీళ్ళు అంటుంది, ఏదన్నా సరే. పరీక్ష హాల్లో నిఘంటువు ఉండదు, పక్క మాటలే ఉంటాయి.

బుజ్జి ఇంగ్లీషు మీడియం కదా, దరఖాస్తులో ఏ మాధ్యమం పెట్టాలని అల్లుడుగారు అడిగారన్నావు. ఏ భాష పెడితే ఆ భాషలోనే పేపరు ఇస్తారు, లెక్కలతో సహా. అందుకని ఊరికే గొప్పకి ఇంగ్లీషు పెట్టకండి. అలాగని నేను చెప్పానని తెలుగూ పెట్టకండి. ఒకే మాదిరి పేరా రెండు భాషల్లో రెండు రోజులు ఇచ్చి చూడండి. దేన్లో వేలు త్వరగా చోటు పట్టుకుంటే అది పెట్టండి. లెక్కల్లో గుణకం, భాజకం, వైశాల్యం అన్న మాటలు దానికి తెలుసో లేదో కూడా చూసుకోండి. బడిలో ఆ మాటలు ఇంగ్లీషులోనే విని ఉంటుంది.

టైము గురించి ఇప్పుడే గడియారం పట్టుకోకు. మొదటి రెండు నెలలు ఎంతసేపు పట్టినా పట్టనీ. తర్వాత ప్యాసేజీకి ఏడు నిమిషాలు పెట్టు. భాషకి అరగంట, నాలుగు ఏడులు 28, రెండు నిమిషాలు చేతిలో ఉంటాయి. ముందు బిట్లు చదివి తర్వాత పేరా చదవమని కొందరు చెబుతారు. పెద్దపిల్లలకి పనికొస్తుందేమో గాని పదేళ్ళ పిల్లలకి అది చేటు. ముక్కలు వెతుక్కుంటూ పోయి మొత్తం కథ పోగొట్టుకుంటారు. పేరా ఒకసారి నిదానంగా మొత్తం చదవాలి, తర్వాత బిట్టు, మళ్ళీ వేలు. "సరికానిది ఏది?" అన్న బిట్టు కనబడితే ఆ "కాని" కింద గీత గీసుకోమను. తప్పు జవాబుకి మార్కులు కోయరు కాబట్టి ఏ బిట్టూ వదిలెయ్యకూడదు. ఓఎంఆర్ షీట్లో పెన్నుతోనే దిద్దాలి, ఒకసారి దిద్దితే చెరపడం కుదరదు. ఇంట్లో అలాగే పెన్నుతో అలవాటు చెయ్యి.

కోచింగ్ సంగతి అడిగావు. లెక్కలకీ బొమ్మలకీ పంపిస్తే పంపించు, అది మీ ఇష్టం. చదివి అర్థం చేసుకోవడానికి మాత్రం పక్కన కూర్చుని అడిగే మనిషి కావాలి. నలభై మంది కూర్చున్న గదిలో ఆ మనిషి దొరకదు. రాత్రి భోజనాలయ్యాక పావుగంట, టీవీ కట్టేసి. అల్లుడుగారు కూడా పక్కన పేపరు పట్టుకుని కూర్చుంటే మంచిది. తప్పు చెప్పినప్పుడు మాత్రం విసుక్కోకు తల్లీ. విసుక్కుంటే ఆ పిల్ల పేరా వంక చూడడం మానేసి నీ ముఖం వంక చూడడం మొదలుపెడుతుంది. జవాబు నీ కళ్ళల్లో వెతుక్కుంటుంది. నేను బడిలో ఇది చూశాను, ఒకసారి అలవాటైతే మాన్పించడం చాలా కష్టం.

ఈ ఉత్తరంతో మూడు పేరాలు రాసి పంపుతున్నాను. ఒకటి కొబ్బరి పీచు మీద, ఒకటి ధవళేశ్వరం ఆనకట్ట మీద, ఒకటి కథ. వాటికి బిట్లు రాయలేదు. బుజ్జినే రాయమను. పేరాకి ఐదు బిట్లు, ఒక్కోదానికి నాలుగు జవాబులు, వాటిలో మూడు నిజంలా కనబడే తప్పులు. మొదట అన్నీ "ఎన్ని, ఎవరు" అనే రాస్తుంది. రాయనీ. పది రోజులు పోయాక "ఎందుకు" వస్తుంది. తప్పు జవాబులు తయారు చెయ్యడానికి పేరా నాలుగుసార్లు చదువుతుంది, ఎవరూ చెప్పకుండానే.

అవి ఫోటో తీసి పంపించు. జవాబులు నేను రాస్తాను. ఏ వాక్యం మీద వేలు పెట్టానో గీత గీసి మరీ పంపుతానని బుజ్జితో చెప్పు. నా జవాబు తప్పైతే ఎర్ర పెన్నుతో కొట్టెయ్యమను.

ఇట్లు,
మీ పెద్దమ్మ