వండర్ ఉమన్ శక్తులు పోయిన రోజులు

ప్రశ్న: సూపర్‌హీరోను కొత్తగా మార్చారని మా అబ్బాయి రెండు రోజులుగా అన్నం కూడా సరిగ్గా తినడం లేదు. అభిమానులు ఇంత బాధపడితే ఎవరైనా పట్టించుకుంటారా అండీ?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: పట్టించుకున్న సందర్భం ఉందమ్మా. 1941లో పుట్టిన కామిక్స్ సూపర్‌హీరోయిన్ వండర్ ఉమన్‌కు 1968లో, ఆమె బొమ్మల కథలు వేసే డీసీ కామిక్స్ వాళ్లు శక్తులన్నీ తీసేశారు. నక్షత్రాల దుస్తులు పోయాయి. బట్టల దుకాణం పెట్టుకుని, ఒక గురువు దగ్గర యుద్ధవిద్యలు నేర్చుకునే మామూలు అమ్మాయిగా మార్చారు. రాసిన డెన్నీ ఓనీల్ ఉద్దేశం మంచిదే. ఏ వరాలూ లేకుండా సొంత కష్టంతో నిలబడే స్త్రీని చూపించాలనుకున్నాడు.

కానీ చిన్నప్పుడు ఆమె కథలు చదివి పెరిగిన అమెరికా స్త్రీవాద నాయకురాలు గ్లోరియా స్టైనమ్‌కు అది నచ్చలేదు. మగ హీరోల శక్తులు అలాగే ఉండగా ఈమెవే ఎందుకు పోవాలి? నాకూ అదే న్యాయమైన ప్రశ్న అనిపిస్తుంది. 1972 జూలైలో తన ‘మిజ్’ పత్రిక ముఖచిత్రంగా పాత దుస్తుల్లోని వండర్ ఉమన్‌నే వేయించింది. వీధి మీదుగా కొండంత ఎత్తున అడుగులేస్తూ వస్తుంటుంది. ఆ బొమ్మ ఎప్పుడు చూసినా నాకు ఒళ్లు పులకరిస్తుంది. 1973 మొదట్లో ఆమె శక్తులు తిరిగొచ్చాయి.

మీవాణ్ణి కోప్పడకండి. ఆ హీరోలో ఏది పోయిందని అంత బాధో పక్కన కూర్చుని అడగండి. వాడి దగ్గర పాత పుస్తకాలుంటే ఒకటి తీసి చూపించమనండి.