మొదటి మినీ ట్రాక్టర్: కొనేముందు తోటను కొలవండి

ప్రశ్న: ఆనందపురం మండలంలో మాకు ఐదెకరాల మెట్ట ఉంది. మూడెకరాల్లో హుద్‌హుద్ తుపాను తరువాత మళ్లీ వేసుకున్న జీడిమామిడి, కొబ్బరి ఉన్నాయి. మిగిలిన రెండెకరాల్లో కూరగాయలు, బంతి, చామంతి వేస్తున్నాం. పదునున్న రోజున అద్దె ట్రాక్టర్ దొరకడం లేదు. దొరికినా పెద్ద బండిని జీడితోటలోకి తేవడానికి డ్రైవర్లు ఒప్పుకోవడం లేదు. ఇరవై హెచ్.పి. దాటిన మినీ ట్రాక్టర్ కొందామనుకుంటున్నాం. ఏమేం చూసుకోవాలి?
- ఒక రైతు

జవాబు: ముందుగా నిరుడు దుక్కికి, రోటవేటర్‌కు (తిరిగే కత్తులతో మట్టిని గుల్ల చేసే పనిముట్టు), గెత్తం (పశువుల ఎరువు) తోలించడానికి మీరు చెల్లించిన అద్దెలన్నీ ఒక కాగితం మీద రాసి, బ్యాంకు చెప్పే ఆరునెలల వాయిదా పక్కన పెట్టి చూడండి. ఐదెకరాలకు ఆ లెక్క చాలాసార్లు ట్రాక్టర్‌కు అనుకూలంగా రాదు. ఇరుగుపొరుగు పొలాలకు అద్దెకు తిప్పి వాయిదా కట్టేయవచ్చని కొందరు ధైర్యం చెబుతారు గాని, మీ పొలానికి పదును వచ్చిన రోజే వాళ్ల పొలానికీ వస్తుందన్న సంగతి అలా చెప్పేవారికి గుర్తుండదు. అయితే మీ విషయంలో అద్దె సొమ్ము ఒక్కటే లెక్క కాదు. ఎర్రనేలలో వాన పడిన తరువాత దున్నడానికి వీలైన రోజులు కొద్దిగానే ఉంటాయి, ఆ తరువాత నేల గట్టిపడిపోతుంది. సకాలంలో దున్నుకోవడం వల్ల కూరగాయలకు, పూలకు కలిగే మేలును కూడా కలుపుకుంటే కొనాలన్న మీ ఆలోచన సబబుగానే కనిపిస్తోంది.

షోరూముకు వెళ్లేముందు టేపు పట్టుకుని తోటలోకి వెళ్లండి. కొబ్బరి చెట్ల మధ్య సాధారణంగా 25 అడుగుల దూరం ఉంటుంది కాబట్టి అక్కడ పెద్ద ట్రాక్టర్ కూడా హాయిగా తిరుగుతుంది. అసలు ఇబ్బంది జీడితోటలోనే. అక్కడ అడ్డుపడేది వరుసల వెడల్పు కంటే కిందికి వాలిన కొమ్మల ఎత్తు. బానెట్ మీదుగా నిటారుగా లేచే సైలెన్సర్ ఉన్న బండి, అది ఎంత చిన్నదైనా, ఆ కొమ్మలను విరుస్తుంది, లేదా తానే విరుగుతుంది. పొగగొట్టం కిందికి ఉన్న మోడల్ ఉందేమో అడగండి. తరువాత పూలమడుల మధ్య చాలు దూరం కొలిచి, చక్రాల మధ్య దూరాన్ని దానికి తగినట్టు మార్చుకునే వీలుందో లేదో చూడండి.

హెచ్.పి. విషయంలో చాలామంది పొరబడుతున్నారు. ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో కనిపించేది ఇంజను శక్తి, రోటవేటర్‌ను తిప్పేది మాత్రం పి.టి.ఓ. (ఇంజను శక్తిని వెనుక పనిముట్టుకు అందించే తిరిగే షాఫ్టు) దగ్గర మిగిలే శక్తి. ఇంజను నుంచి అక్కడికి చేరేసరికి దాదాపు పదో వంతు, ఒక్కోసారి అంతకు మించి తగ్గిపోతుంది. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో ఉన్న కేంద్ర ప్రభుత్వ యంత్ర పరీక్షా సంస్థ ట్రాక్టర్లను పరీక్షించి ఇచ్చే నివేదికలో పి.టి.ఓ. శక్తి, డీజిల్ వాడకం, వెనుక పనిముట్టును పైకి లేపే హైడ్రాలిక్ ఎత్తగల బరువు స్పష్టంగా ఉంటాయి. డీలరును కరపత్రం కాకుండా ఆ నివేదిక చూపించమని అడగండి. రోటవేటర్ వెడల్పు వెనుక చక్రాల జాడలను కప్పేంత ఉంటే చాలు. అంతకంటే వెడల్పైనది తగిలిస్తే గట్టినేలలో ఇంజను ఆపసోపాలు పడుతుంది.

మినీ ట్రాక్టర్ బరువు తక్కువ కాబట్టి తడినేలలో, వాలులో వెనుక చక్రాలు ఊరికే తిరిగి జారుతుంటాయి. అందువల్ల ధర ఎక్కువైనా ఫోర్ వీల్ డ్రైవ్ తీసుకోవడం మంచిదని మా అభిప్రాయం. మహీంద్రా జీవో, కుబోటా నియోస్టార్, వి.ఎస్.టి. శక్తి వంటి పేర్లు మీరు వినే ఉంటారు. వాటిలో ఏది గొప్పదన్న చర్చ కంటే, విజయనగరంలోనో అనకాపల్లిలోనో ఎవరి మెకానిక్ ఫోను చేసిన రోజునే మీ పొలానికి వస్తాడన్నది ముఖ్యం. ఆ బండి ఇప్పటికే వాడుతున్న రైతులను ఇద్దరు ముగ్గురిని అడిగితే అసలు సంగతి తెలుస్తుంది. డెమో కూడా షోరూము ఆవరణలో కాదు, మీ జీడితోటలో, రోటవేటర్ తగిలించి చేయించుకోండి.

2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్లపై జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. మీకిచ్చే కొటేషన్‌లో ఆ తగ్గింపు కనిపించాలి. రోటవేటర్, గొర్రు, ట్రాలీల ధరలు విడివిడిగా రాయించుకోండి. రాయితీ ఏదైనా అమలులో ఉందేమో గ్రామంలోని రైతు సేవా కేంద్రంలో కనుక్కుని, ఆ తరువాతే అడ్వాన్సు ఇవ్వండి.

ప్రశ్న: మావారు నగరంలో ఉద్యోగం చేస్తారు, పద్మనాభం దగ్గర పొలం నేనే చూసుకుంటున్నాను. ట్రాక్టర్ నేనే నడపాలనుకుంటున్నాను. నాకు స్కూటర్ లైసెన్సు మాత్రమే ఉంది. నేర్చుకోవడం ఎలా మొదలుపెట్టాలి?
- ఒక పాఠకురాలు

జవాబు: స్కూటర్ లైసెన్సు సరిపోదండీ. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం ఖాళీ బరువు 7,500 కిలోలు మించని ట్రాక్టర్ తేలికపాటి మోటారు వాహనం కిందికి వస్తుంది కాబట్టి, కారు నడపడానికి తీసుకునే లైసెన్సే మీకూ కావాలి.

ఇంజను ఆపి ఉండగానే సీటులో కూర్చుని, క్లచ్, రెండు బ్రేకు పెడళ్లు, చేతి యాక్సిలరేటర్, గేరు లివర్లు, పి.టి.ఓ., హైడ్రాలిక్ లివర్లు ఎక్కడున్నాయో చూడకుండా అందుకునేంత వరకు సాధన చేయండి. పొలంలో ఇరుకు మలుపులకు బ్రేకులను విడివిడిగా నొక్కుతారు. రోడ్డెక్కేటప్పుడు మాత్రం రెండింటినీ కలిపే కొక్కెం తప్పకుండా వేయాలి. వేగంలో ఒకవైపు బ్రేకు ఒక్కటే పడితే బండి తిరగబడే ప్రమాదం ఉంది. ఆ తరువాత కోత అయిపోయిన చదును పొలంలో, వెనుక ఏమీ తగిలించకుండా, లో గేరులో నడపండి. ముందుకు నడపడం త్వరగానే వస్తుంది. వెనక్కి తెచ్చి పనిముట్టు ముందు సూటిగా ఆపడానికే ఓపిక కావాలి, ఎక్కువ సమయం దానికే ఇవ్వండి.

పనిముట్టును పట్టి ఉంచడానికి ట్రాక్టర్ వెనుక ఉండే మూడు చేతులను లింకులంటారు. పనిముట్టు తగిలించేటప్పుడు ముందు ఎడమ కింది లింకు, తరువాత కుడి లింకు, చివరికి టాప్ లింకు పెట్టాలి. విప్పేటప్పుడు ఈ వరుస తిరగేయాలి. బండి వెనక్కి వస్తున్నప్పుడు దానికీ పనిముట్టుకూ మధ్య ఎవరూ నిలబడకూడదు. ఇంజను వేగం తగ్గించి పి.టి.ఓ. వేయండి, రోటవేటర్‌ను నేలలోకి మెల్లగా దించండి. మలుపు దగ్గర దాన్ని పైకెత్తి, తిరిగాక మళ్లీ దించాలి. తిరుగుతున్న రోటవేటర్‌ను మరీ ఎత్తితే షాఫ్టు కీళ్లు దెబ్బతింటాయి. షాఫ్టుపై కవచం ఊడిపోతే ఆ రోజుకు పని ఆపేయడమే మేలు. చీర కొంగు, చున్నీ, భుజాన తువ్వాలు దానికి చిక్కితే తప్పించుకునే వ్యవధి ఉండదు. మడ్‌గార్డు మీద పిల్లలను కూర్చోబెట్టే అలవాటు మన ఊళ్లలో ఇంకా పోలేదు, మీరైనా ఒప్పుకోకండి.

దిగబడిన బండిని లాగాలన్నా, ఏ బరువు లాగాలన్నా తాడు కింది డ్రాబార్‌కే (బండి వెనుక కిందుగా ఉండే లాగుడు పట్టీకే) కట్టాలి. టాప్ లింకుకో ఇరుసుకో కడితే ముందు చక్రాలు లేచి బండి వెనక్కి బోర్లా పడుతుంది. వెనుక బరువైన పనిముట్టుతో ఏటవాలు గట్టు ఎక్కాల్సి వస్తే రివర్సులో ఎక్కడం క్షేమం. దిగేటప్పుడు న్యూట్రల్ చేయకుండా తక్కువ గేరులోనే దిగండి. ఇవన్నీ పద్ధతిగా నేర్చుకోదలిస్తే అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ సంస్థ ఉంది. దూరమే అయినా అక్కడికి వెళ్లడం వృథా కాదు. ఆనందపురం, పెందుర్తి మీదుగా అనకాపల్లి వెళ్లే ఆరు వరుసల రహదారి మీదికి మాత్రం చేయి తిరిగేదాకా ట్రాలీతో వెళ్లకండి. వెళ్లాల్సి వస్తే సర్వీసు రోడ్డు పట్టుకుని, ట్రాలీ వెనుక రిఫ్లెక్టర్లు అంటించుకుని పగటిపూటే వెళ్లండి.

ప్రశ్న: భీమిలి దగ్గర మా పొలం సముద్రానికి ఆనుకుని ఉంటుంది. కొత్త ట్రాక్టర్‌కు తుప్పు పట్టకుండా ఏం చేయాలి?
- ఒక పాఠకుడు

జవాబు: పని అయ్యాక మంచినీళ్లతో కడిగి, ఆరిన తరువాత రోటవేటర్ కత్తులకు పాత ఇంజనాయిలు, లింకు పిన్నులకు గ్రీజు, బ్యాటరీ కొనలకు వ్యాజలీను పూయండి. డీజిల్ ట్యాంకును సాయంత్రమే నింపి ఉంచితే లోపలి గాలిలోని తేమ రాత్రికి నీరై ఇంధనంలో కలవదు. కొత్త బండి మొదటి సర్వీసు సాధారణంగా 50 గంటలకు వస్తుంది. అది అయ్యేదాకా పూర్తి భారంతో నడపకుండా, మీటరులోని గంటలను చూసుకుంటూ ఉండండి.