అప్‌డేట్‌తో ఫీచర్ తీసేస్తే కంపెనీని అడగొచ్చా?

ప్రశ్న: 14 నెలల క్రితం స్మార్ట్ టీవీ కొన్నాను. కార్యక్రమాలను పెన్‌డ్రైవ్‌లో రికార్డు చేసుకోవచ్చని పెట్టె మీద ఉంటేనే ఆ మోడల్ తీసుకున్నాను. పోయిన నెల సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయ్యాక ఆ మెనూ కనిపించడం లేదు. ‘వారంటీ అయిపోయింది, పైగా షరతులకు మీరు ఒప్పుకున్నారు’ అని కంపెనీవాళ్లు అంటున్నారు. కేసు వేయొచ్చా?

జవాబు: వేయొచ్చు. వారంటీ మాట పక్కన పెట్టండి. అది వస్తువు చెడిపోతే బాగుచేస్తామనే హామీ. మీ టీవీ చెడిపోలేదు, పనిచేస్తున్నదాన్ని కంపెనీయే తీసేసింది. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 2(10) ప్రకారం అమ్మకందారు ఏ రూపంలో చెప్పుకున్న ప్రమాణానికైనా వస్తువు తగ్గితే అది లోపమే. ‘అమ్మిన రోజు అన్నీ ఉన్నాయిగా’ అని కంపెనీ వాదిస్తుంది. అందుకే ఫిర్యాదులో సేవాలోపం (సెక్షన్ 2(11)), అనుచిత వ్యాపార పద్ధతి (సెక్షన్ 2(47)) కూడా రాయండి.

‘అంగీకరిస్తున్నాను’ నొక్కిన షరతు దగ్గర చాలామంది పొరపాటు పడతారు. అది అన్యాయమైన ఒప్పందం, రద్దు చేయండి అని కోరితే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఆ అధికారం లేదు, రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. జిల్లాలోనే తేల్చుకోవాలంటే ఆ కోరిక వదిలేసి, ఫీచర్ తిరిగి ఇవ్వాలని, లేదంటే ధరలో కొంత వెనక్కి ఇవ్వాలని, నష్టపరిహారం చెల్లించాలని అడగండి. ఇన్ని నెలలు వాడాక పూర్తి ధర రాబట్టడం కష్టం.

భద్రత కోసమే తీసేశామని కంపెనీ అనొచ్చు, అది పాత జవాబే. 2010 ఏప్రిల్ 1న సోనీ 3.21 అప్‌డేట్‌తో ప్లేస్టేషన్ 3 గేమింగ్ యంత్రంలో లినక్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకునే వీలు తీసేసినప్పుడూ అదే చెప్పింది. అమెరికాలో కొనుగోలుదారులంతా కలిసి వేసిన దావా ఏళ్ల తరబడి నడిచి రాజీతో ముగిసింది. మన కమిషన్లను అది కట్టడి చేయదు గానీ, కారణం చెప్పినంత మాత్రాన బాధ్యత తీరిపోదని వాదించడానికి పనికొస్తుంది.

ఇలాంటి కేసులకు ప్రాణం సాక్ష్యం. వెబ్‌సైట్‌లోని వివరాల పేజీ రేపటికి మారిపోవచ్చు, ఈరోజే దాచుకోండి. పెట్టె నాలుగు వైపులా ఫొటోలు, బిల్లు, యూజర్ మాన్యువల్, టీవీ సెట్టింగుల్లో సాఫ్ట్‌వేర్ వెర్షన్ కనిపించే ఫొటో ఉండాలి. ఫోన్లో మాట్లాడింది చాలదు, ఈమెయిల్ పంపి రాతపూర్వక జవాబు తీసుకోండి. స్క్రీన్‌షాట్లకు భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద, అవి అసలైనవేనని ధ్రువీకరించే సర్టిఫికెట్ జత చేయాలి.

ముందు 15 రోజుల గడువుతో నోటీసు ఇవ్వండి. తప్పనిసరి కాదు గానీ, కంపెనీ వైఖరి కాగితం మీదికి వస్తుంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లోనూ ఫిర్యాదు నమోదు చేయండి. తర్వాత మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే, తయారీదారును, అమ్మిన దుకాణాన్ని ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చి ఫిర్యాదు వేయండి. మీరు చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. గడువు రెండేళ్లు. ఫీచర్ పోయిన రోజు నుంచి లెక్కించాలని, ఆ తేదీ ఫిర్యాదులో స్పష్టంగా రాయండి.

టీవీని మీ దుకాణం పేరున, వ్యాపారం కోసం కొని ఉంటే మాత్రం మీరు వినియోగదారు కాదనే అభ్యంతరం వస్తుంది. ఇంకొకటి, పాత సాఫ్ట్‌వేర్‌ను ఎక్కడి నుంచో తెచ్చి ఎక్కించకండి. లోపం మీ చేతుల్లోనే వచ్చిందనే సాకు వాళ్లకు దొరుకుతుంది.