ఎస్‌ఎస్‌డీకి ఏ డ్రైవర్? ఏ ఫర్మ్‌వేర్?

ప్రశ్న: పదకొండో తరం ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న నా ల్యాప్‌టాప్‌లో విండోస్‌ను కొత్తగా ఎక్కించబోతే డ్రైవ్ ఏదీ లేదంటోంది. ఎస్‌ఎస్‌డీ పాడైందా? ఫర్మ్‌వేర్ మార్చాలా? – ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: బయోస్‌లో (విండోస్ మొదలవకముందే తెరుచుకునే సెట్టింగుల తెరలో) డ్రైవ్ పేరు కనిపిస్తుంటే అది పాడై ఉండకపోవచ్చు. ఈ తరం నుంచి చాలా ల్యాప్‌టాప్‌లలో ఎస్‌ఎస్‌డీని వీఎండీ అనే ఇంటెల్ ఏర్పాటు వెనుక ఉంచుతున్నారు. దాని డ్రైవర్ (ఆ ఏర్పాటును విండోస్ గుర్తించేలా చేసే సాఫ్ట్‌వేర్) విండోస్ ఇన్‌స్టాలర్‌లో లేకపోతే డ్రైవ్ కనబడదు. మీ మోడల్‌కు తయారీదారు ఇచ్చిన ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్‌ను దించుకొని, విప్పి (లోపలి ఫైళ్లను బయటకు తీసి), పెన్‌డ్రైవ్‌లో వేసి, 'లోడ్ డ్రైవర్' నొక్కి ఐఎన్‌ఎఫ్ ఫైలున్న ఫోల్డర్‌ను చూపండి. విప్పకుండా ఈఎక్స్‌ఈ ఫైలునే పెడితే ఇన్‌స్టాలర్ దాన్ని గుర్తించదు. చాలామంది ఆగిపోయేది ఇక్కడే.

ఒకే డ్రైవ్ ఉన్నవారు బయోస్‌లో వీఎండీని ఆపేసి, విండోస్‌లోనే ఉండే ఎన్‌వీఎంఈ (ఇలాంటి ఎస్‌ఎస్‌డీలకు వాడే) డ్రైవర్‌తో నడుపుకోవచ్చు. నా మొగ్గు దీనివైపే. అయితే విండోస్ ఎక్కించాక ఆపితే విండోస్ మొదలవక నీలి తెర రావచ్చు, బిట్‌లాకర్ (డ్రైవ్‌లోని సమాచారానికి తాళం వేసే విండోస్ సదుపాయం) రికవరీ కీ కూడా అడగవచ్చు.

ఫర్మ్‌వేర్ (ఎస్‌ఎస్‌డీ లోపలే ఉండి దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) వేరే సంగతి. ల్యాప్‌టాప్‌తో వచ్చిన ఎస్‌ఎస్‌డీకైతే ల్యాప్‌టాప్ తయారీదారు ఇచ్చిందే వాడాలి. విడిగా కొన్నదానికి డ్రైవ్ తయారీదారుది. ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌ను వాయిదా వేయడమూ మంచిది కాదు: శాంసంగ్ 990 ప్రోలో హెల్త్ శాతం (డ్రైవ్‌కు మిగిలిన ఆయుష్షు అంచనా) వేగంగా పడిపోయే లోపానికి 2023లో సవరణ వచ్చినా, అప్పటికే తగ్గిన శాతం తిరిగి రాలేదు. ముందు బ్యాకప్ తీసి, ఛార్జర్ తగిలించి మొదలుపెట్టండి.