తెల్లవారుజామున చేపలు నోళ్లు తెరుస్తున్నాయంటే

అన్నా, రెండు రోజులు మబ్బు పట్టాక మీ ఊరి చెరువులో బొచ్చెలు, శీలావతులు తెల్లవారుజామున పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయని, పెద్దవి కొన్ని చచ్చాయని, ఎవరో మందు కలిపారని ఊళ్లో గొడవవుతోందని రాశారు. ఎవరినీ అనుమానించే ముందు కొరమీను, ‘మార్పు’ అనే మీసాల చేపలు ఎలా ఉన్నాయో చూడండి. అవి పైకొచ్చి గాలి పీల్చుకోగలవు. అవి బాగుండి బొచ్చెలే చస్తుంటే చాలావరకు అది నీటిలో ఆక్సిజన్ తగ్గడమే. కప్పలు, పాములు కూడా చస్తే మాత్రం విషమే కావచ్చు. అప్పుడు చేపలు తినకండి, పశువులను దింపకండి, వెంటనే మత్స్యశాఖ వాళ్లకు చెప్పండి.

చెయ్యి మోచేతి దాకా నీళ్లలో ముంచి చూడండి. అరచేయి కనబడకుండా చిక్కటి ఆకుపచ్చగా ఉంటే నాచు ఎక్కువైనట్టే. అది పగలు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రంతా తనే వాడుకుంటుంది. మబ్బు రోజుల్లో ఇచ్చేది తక్కువ, వాడేది మాత్రం అంతే. అందుకే తెల్లవారేసరికి లీటరుకు 3 మిల్లీగ్రాముల కన్నా తగ్గిపోతుంది. చేపకు 5 ఉంటే హాయి.

ఈ రాత్రే మోటారు పెట్టి చెరువు నీళ్లనే పైకి చిమ్మి మళ్లీ అందులోనే పడేలా చేయండి, ఎండొచ్చేదాకా ఆపకండి. కొత్త నీళ్లు దొరికితే వదలండి. దాణా, పేడ, యూరియా వారం పాటు పూర్తిగా బంద్. చచ్చినవి ఏరి దూరంగా పూడ్చండి. చేపలు తేరుకున్నాక పెద్దవి కొన్ని పట్టేసి మిగతావాటికి ఊపిరాడనివ్వండి.